నేనాను ‘ఒక్క పాట గాయని’ అనడం ఎంతవరకు సబబు?

రాగమాలిక
ఎనభైల నాటి పాశ్చాత్య పాటల జాబితా ఏది తెరిచినా, ‘ఒకే ఒక్క పాటతో మెరిసి మాయమైనవాళ్లు’ అన్న వరుసలో జర్మన్ గాయని నేనా పేరు తప్పకుండా కనిపిస్తోంది. ‘99 లుఫ్ట్‌బాలోన్స్’ (99 బెలూన్లు) 1983లో వచ్చింది, ప్రపంచమంతా దాన్ని పాడుకుంది, తర్వాత ఆమె ఏమైందో ఎవరికీ తెలియదు అన్న ధోరణిలో రాస్తారు. ఈ మధ్య ఒక తెలుగు యూట్యూబ్ ఛానల్లోనూ అదే మాట విని బాధపడి ఇక్కడ అడుగుతున్నాను. నాకు తెలిసినంతలో ఆమె పాట ఒకటి 2005లో కూడా జర్మనీలో మొదటి స్థానంలో నిలిచింది. అటువంటి మనిషికి ఈ ముద్ర ఎలా వేస్తారు? జర్మనీలో ఉంటున్న సభ్యులు, ఆ సంగీతం బాగా విన్నవారు వివరంగా చెప్పగలరా?

సింథ్_సుబ్బు
అమెరికా లెక్కలో చూస్తే ఆ మాటలో తప్పు లేదు. 1984 మార్చిలో ఆ పాట జర్మన్ మాటలతోనే బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా ఎక్కింది. వాన్ హేలెన్ బృందం ‘జంప్’ అప్పుడు మొదటి స్థానంలో కదలకుండా కూర్చుంది. ఆ తర్వాత అక్కడ నేనా పాట మరొకటి నిలవలేదు. ఆ జాబితాలు అమెరికా, బ్రిటన్ పాఠకుల కోసం రాసినవి కాబట్టి వాళ్ల కొలత వాళ్లది.

రాగమాలిక
వాళ్ల కొలత వాళ్లదే, సుబ్బు గారూ. తెలుగులో చెప్పుకునేటప్పుడు మనం ఆ కొలతను అరువు తెచ్చుకోవడం దేనికి అన్నదే నా బాధ.

హాగెన్_పొరుగు
ఉద్యోగరీత్యా నేను డార్ట్‌మండ్‌లో ఉంటున్నాను. నేనా పుట్టిన హాగెన్ ఇక్కడికి దక్షిణాన పక్కనే ఉన్న పారిశ్రామిక పట్టణం, కాబట్టి మొదటి రోజుల సంగతి నేను చెబుతాను. ఆమె అసలు పేరు గాబ్రియేలె సుజానె కెర్నర్. 1960 మార్చి 24న పుట్టింది, బాల్యంలో కొంత భాగం దగ్గరలోని బ్రెకర్‌ఫెల్డ్‌లో గడిచింది. మూడేళ్ల వయసులో కుటుంబంతో స్పెయిన్ వెళ్లినప్పుడు వచ్చిన ముద్దుపేరే జీవితాంతం నిలిచింది. బడి వదిలాక హాగెన్‌లోనే బంగారు నగల పని నేర్చుకుంది. 1979లో రైనర్ కిట్స్‌మాన్ అనే గిటారిస్టు తన బృందంలో పాడమని అడిగితే ‘ది స్ట్రైప్స్’లో చేరింది.

హాగెన్‌ను చిన్న ఊరని తీసిపారేయకూడదు. ఆ రోజుల్లో ‘నోయె డోయ్‌చె వెలె’ అని పిలిచిన కొత్త జర్మన్ పాటల అలకు ఈ ఊరు ఒక పుట్టినిల్లు. ఎక్స్‌ట్రాబ్రైట్ బృందం ఇక్కడిదే, ‘ఇడియాల్’ బృందంలో పాడిన ఆనెటె హుంపె పుట్టింది కూడా ఇక్కడే. అయితే స్ట్రైప్స్ వాళ్లు పాడింది ఇంగ్లీషులో. 1980లో ఒక ఆల్బం తెచ్చారు, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. చుట్టూ ఉన్న యువకులందరూ సొంత భాషలో పాడటం మొదలుపెట్టిన సమయంలో వీళ్లు ఇంగ్లీషును పట్టుకుని వేలాడారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, ఆమె జీవితంలో ఇది మళ్లీ వస్తుంది.

పాత_క్యాసెట్
నగల పని నేర్చిన చెయ్యి మైకు పట్టుకోవడం వల్ల హాగెన్ బంగారు కొట్లకు నష్టం, మనకు లాభం.

బెర్లిన్_బాబాయ్
పొరుగు గారు ఆపిన చోట నేను అందుకుంటాను. స్ట్రైప్స్ విడిపోయాక ఆమె, అప్పటి సహచరుడైన డ్రమ్మర్ రోల్ఫ్ బ్రెండెల్ కలిసి పశ్చిమ బెర్లిన్‌కు వచ్చారు. అక్కడ కీబోర్డుకు ఊవె ఫారెన్‌క్రోగ్-పీటర్‌సెన్, బేస్ గిటారుకు యుర్గెన్ డేమెల్, గిటారుకు కార్లో కార్గెస్ తోడయ్యారు. ఆ అయిదుగురి బృందం పేరు కూడా ‘నేనా’యే. చాలామంది గాయని వేరు, బృందం వేరు అని గ్రహించకపోవడం వల్లనే సగం గందరగోళం పుడుతోంది. ఫోటోగ్రాఫర్ జిమ్ రాకెటె వాళ్ల వ్యవహారాలు చూశాడు. అంతకుముందు గాయని నీనా హాగెన్ వెనుక వాయించి తర్వాత ‘స్ప్లిఫ్’గా మారిన బృందంలోని రైన్‌హోల్డ్ హైల్, మానె ప్రేకర్ రికార్డింగు బాధ్యత తీసుకున్నారు.

మొదటి పాట ‘నూర్ గెట్రాయ్‌మ్ట్’ 1982 వేసవిలో విడుదలయినప్పుడు ఎవరూ కదల్లేదు. ఆగస్టు 17న రేడియో బ్రెమెన్ వారి ‘మ్యూజిక్‌లాడెన్’ టీవీ కార్యక్రమంలో ఎర్ర పొట్టి గౌను వేసుకుని ఆమె ఆ పాట పాడింది. మర్నాటి నుంచి దుకాణాల్లో రికార్డులు దొరకలేదు. పాట దేశంలో రెండో స్థానానికి చేరింది. అంటే బెలూన్ల పాట రాకముందే ఆమె జర్మనీలో ఇంటింటికీ తెలిసిన గాయని. ‘ఒక్క పాట’ వాదన ఇక్కడే కూలిపోతుంది.

నెల్లూరు_నీలిమ
బెలూన్ల ఆలోచన నిజంగా ఒక కచేరీలో పుట్టిందంటారు, అది నిజమేనా?

బెర్లిన్_బాబాయ్
నిజమే. 1982 జూన్‌లో బెర్లిన్ వాల్డ్‌బ్యూనె అనే ఆరుబయటి రంగస్థలంలో రోలింగ్ స్టోన్స్ కచేరీ జరిగింది. చివర్లో బెలూన్లు వదిలారు. అవి గాలికి కదులుతూ, ఆకారం మార్చుకుంటూ ఏదో వింత వాహనంలా ఆకాశంలో పోతుంటే కార్లో కార్గెస్ చూశాడు. ఇవి బెర్లిన్ గోడ దాటి తూర్పు వైపు వెళ్తే అక్కడి సైనికులు ఏమనుకుంటారు అన్న ప్రశ్న అతనికి తట్టింది. పాట మొత్తం ఆ ప్రశ్నే. బెలూన్లను శత్రువుల పని అనుకుని ఒక సేనాధిపతి యుద్ధ విమానాలను పంపుతాడు, యుద్ధ మంత్రులు అధికారం కోసం ఎగబడతారు, చివరికి ఎవరూ గెలవని యుద్ధం తర్వాత శిథిలాలు మిగులుతాయి. ఆ వాల్డ్‌బ్యూనెకు నేను తరచుగా కచేరీలకు వెళ్తుంటాను, చుట్టూ అడవి, పైన ఆకాశం తప్ప మరేమీ కనిపించదు. అటువంటి చోట కూర్చున్నవాడి చూపు బెలూన్ల వెంట పోవడం సహజం.

చరిత్ర_విద్యార్థి
పాట పుట్టిన కాలాన్ని పక్కన పెడితే దాని బలం అర్థం కాదు. 1979 డిసెంబరులో నాటో ఒక తీర్మానం చేసింది: సోవియట్ యూనియన్ తన మధ్యశ్రేణి క్షిపణుల విషయంలో ఒప్పందానికి రాకపోతే పశ్చిమ ఐరోపాలో అమెరికా పెర్షింగ్-2, క్రూయిజ్ క్షిపణులను మోహరిస్తారని దాని సారాంశం. పెర్షింగ్-2 క్షిపణులు నిలిపేది పశ్చిమ జర్మనీ నేల మీదే. యుద్ధం వస్తే మొదట బూడిదయ్యేది తమ రెండు జర్మనీలేనని అక్కడి జనానికి అర్థమయింది. 1981 అక్టోబరు 10న బాన్ నగరంలో దాదాపు 3 లక్షల మంది శాంతి ప్రదర్శనకు వచ్చారు. 1983 మార్చి ఎన్నికల్లో గ్రీన్ పార్టీ మొదటిసారి జర్మన్ పార్లమెంటు బుండెస్టాగ్‌లో అడుగుపెట్టింది. ఆ నెలల్లోనే ఈ పాట దేశమంతా మోగింది. అంత నిరసన జరిగినా నవంబరులో బుండెస్టాగ్ క్షిపణుల మోహరింపుకు ఆమోదం తెలిపింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పాట వచ్చిన కొన్ని నెలలకు, 1983 సెప్టెంబరు 26న, సోవియట్ హెచ్చరిక వ్యవస్థ అమెరికా క్షిపణులు వస్తున్నాయని తప్పుడు సంకేతం ఇచ్చింది. విధుల్లో ఉన్న స్తానిస్లావ్ పెత్రోవ్ అనే అధికారి దాన్ని నమ్మకపోవడం వల్ల ప్రమాదం తప్పింది. కార్గెస్ ఊహించిన పొరపాటు ఊహగా మిగలక నిజం అంచు దాకా వచ్చింది. మేఘాల మీద పడి మెరిసిన సూర్యకాంతిని ఉపగ్రహం క్షిపణులుగా పొరబడిందని తర్వాత తేలింది.

సింథ్_సుబ్బు
నిర్మాణపరంగా కూడా ఆ పాట అసాధారణమైనది. దానికి పల్లవి లేదు. చరణం మీద చరణం, బుర్రకథలో కథకుడు కథ నడిపినట్టు ముందుకు పోతూనే ఉంటుంది. మొదట నెమ్మదిగా గొంతు, దాని కింద సింథసైజర్ పరుపు, ఆ వెంటనే బేస్ గిటారు పరుగు, చివర్లో మళ్లీ నెమ్మదితనం. మళ్లీ మళ్లీ పాడుకోవడానికి ఒక పల్లవి కూడా లేని పాట ప్రపంచాన్ని చుట్టివచ్చిందంటే ఆ ఘనత బాణీ కట్టిన ఫారెన్‌క్రోగ్-పీటర్‌సెన్‌కు, మాటలు రాసిన కార్గెస్‌కు చెందాలి. నిజానికి నా ఫిర్యాదు ఇదే: ఆమెను ఒక్క పాట గాయని అనడం అన్యాయం అంటున్నారు, ఆ ఒక్క పాటా ఆమెది కాదు కదా.

వరంగల్_వాణి
సుబ్బు గారితో ఏకీభవించలేను. మన దగ్గర ఘంటసాల పాట, సుశీల పాట అంటాం, రాసినవారి పేరు, స్వరపరిచినవారి పేరు తర్వాత వెతుక్కుంటాం. అది రచయితకు ద్రోహం కాదు, గొంతుకు మనం ఇచ్చే స్థానం. ఆ పాటలో ఆమె గొంతు విషాదాన్ని ఒలకబోయదు. పిల్లలు వీధిలో చూసిన గొడవను చెప్పినంత తేటగా ప్రపంచ వినాశనాన్ని చెబుతుంది. ఆ తేటదనం లేకపోతే కార్గెస్ మాటలు ఒక నినాదంగా మిగిలేవి. పైగా ఆమె పాటలు రాయలేదన్నట్టు మాట్లాడటం సరికాదు. ‘లోయిష్ట్‌టూర్మ్’ మాటలు ఆమెవే. ‘వుండర్ గెషేన్’ కూడా ఆమె రాసుకున్నదే, దాని గురించి తర్వాత విడిగా చెబుతాను.

సింథ్_సుబ్బు
గొంతుకు స్థానం ఇవ్వవద్దని నేను అనలేదు, వాణి గారూ. కార్గెస్ 2002 జనవరిలో కన్నుమూశాడు. ఆయన పేరు ఈ చర్చకు వచ్చిన పాఠకుల్లో ఎంతమందికి తెలుసు? నా పట్టుదల అక్కడే.

పాత_క్యాసెట్
ఈ ఇద్దరి మాటలూ ఒకదానికొకటి అడ్డు రావడం లేదు. చర్చ శీర్షికలో కార్గెస్ పేరు కూడా చేర్చమని రాగమాలిక గారిని అడుగుదాం.

నెల్లూరు_నీలిమ
ఇంగ్లీషు పాట సంగతి ఎవరూ చెప్పలేదు. హైదరాబాదులో జర్మన్ నేర్చుకునే రోజుల్లో మా ఉపాధ్యాయిని మొదట జర్మన్ పాట వినిపించి, ఆ తర్వాతే ఇంగ్లీషు పాట వినిపించింది. రెండోది విన్నాక తరగతిలో ఎవరికీ నచ్చలేదు.

బెర్లిన్_బాబాయ్
బృందానికీ నచ్చలేదు. కెవిన్ మెకలీ ఇంగ్లీషు మాటలు రాశాడు, ఆ రూపం 1984లో బ్రిటన్‌లో మూడు వారాల పాటు మొదటి స్థానంలో ఉంది. డబ్బు, పేరు రెండూ వచ్చాయి. అయినా ఆ మాటల పట్ల అసంతృప్తి ఉందని వాళ్లు దాచుకోలేదు. కచేరీల్లో ఆమె జర్మన్ పాటనే పాడుతూ వచ్చింది. అమెరికాలో కథ వేరు: అక్కడి రేడియో కేంద్రాలు జర్మన్ రికార్డునే వేశాయి, మాట ఒక్కటి అర్థం కాకపోయినా జనం దాన్నే కొన్నారు.

కోనసీమ_కుర్రాడు
బ్రిటన్ పత్రికలు అప్పట్లో ఆమె పాట కంటే చంకల్లో వెంట్రుకల గురించి ఎక్కువ రాశాయని చదివాను. నమ్మలేకపోయాను.

వరంగల్_వాణి
నమ్మండి. అణుయుద్ధం గురించి పాడిన ఇరవై నాలుగేళ్ల అమ్మాయిని చూసి అక్కడి టాబ్లాయిడ్ పత్రికలకు కనిపించింది అదే. జర్మనీలో అప్పుడు ఎవరికీ వింతగా అనిపించని విషయాన్ని బ్రిటన్ పత్రికలు పెద్ద గొడవ చేశాయి. ఇప్పటికీ ఇంగ్లీషులో ఆమె మీద రాసే వ్యాసాల్లో ఆ ప్రస్తావన వస్తూనే ఉంది. గాయకుడయితే ఈ ప్రశ్న పుట్టేదే కాదు.

హాగెన్_పొరుగు
ఇంగ్లీషు సంగతి మళ్లీ వస్తుందని నేను పైన అన్నాను. 1983, 1984, 1985 సంవత్సరాల్లో బృందం వరుసగా మూడు జర్మన్ ఆల్బంలు తెచ్చింది. ‘ఇర్గెండ్‌వీ, ఇర్గెండ్‌వో, ఇర్గెండ్‌వాన్’ 1984లో జర్మనీలో మూడో స్థానం చేరింది. 1985లో ‘ఫొయర్ ఉండ్ ఫ్లామె’ ఆల్బంను ‘ఇట్స్ ఆల్ ఇన్ ద గేమ్’ పేరుతో ఇంగ్లీషులో మళ్లీ పాడించారు. విదేశీ విపణి కోసం చేసిన ఆ ప్రయత్నం ఫలించలేదు. 1986లో ‘ఐస్‌బ్రెహర్’ వచ్చేనాటికి దేశంలోనూ ఆ అల తగ్గిపోయింది. 1987లో బృందం విడిపోయింది. ఆమె ఇంగ్లీషు వైపు తిరిగిన రెండుసార్లూ, స్ట్రైప్స్ రోజుల్లోనూ 1985లోనూ, పాట నిలవలేదు. బ్రిటన్‌లో గెలిచిన ఇంగ్లీషు పాట ఒక్కటీ అప్పటికే జర్మన్‌లో ప్రాణం పోసుకున్న పాట. నా దృష్టిలో ‘ఒక్క పాట’ ముద్ర వెనుక ఉన్న అసలు కారణం ఇదే: ఆమె బలం జర్మన్ మాటలో ఉంది, ఆ మాట వినే దేశాల్లో ఆమె ఎన్నడూ మాయం కాలేదు.

వరంగల్_వాణి
‘వుండర్ గెషేన్’ గురించి చెబుతానన్నాను. బృందం విడిపోయాక ఆమెకు మొదటి బిడ్డ పుట్టాడు, ఏడాది నిండకుండానే 1989లో పోయాడు. ఆమె ఒంటరి గాయనిగా తెచ్చిన మొదటి జర్మన్ ఆల్బంకు పెట్టిన పేరు ‘వుండర్ గెషేన్’, అంటే అద్భుతాలు జరుగుతాయి అని. ఆ కాలంలో ఒక తల్లి అటువంటి పాట పాడటమే నాకు పెద్ద విషయంగా తోస్తుంది. నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. మూడు రోజుల తర్వాత, 12న, పశ్చిమ బెర్లిన్‌లోని డోయిచ్‌లాండ్‌హాలెలో అప్పటికప్పుడు ఏర్పాటు చేసిన ‘కోన్‌జెర్ట్ ఫ్యూర్ బెర్లిన్’లో ఆమె ఈ పాట పాడింది. జో కాకర్, ఊడో లిండెన్‌బెర్గ్ వంటివారు పాల్గొన్న వేదిక అది. తూర్పు నుంచి వచ్చినవాళ్లు ముందు నిలబడి ఉండగా, సొంత దుఃఖంలోంచి వచ్చిన పాట ఒక నగరమంతటి సంతోషానికి సరిపోయింది. ఈ ఒక్క ఘట్టం తెలిసినవారెవరూ ఆమె 1984తో ఆగిపోయిందని రాయలేరు.

రాగమాలిక
ఇది నాకు తెలియదు, వాణి గారూ. ఆ పాటను ఇప్పుడే వెతికి విన్నాను. ఇంకేమీ రాయలేకపోతున్నాను.

పాత_క్యాసెట్
తొంభైల్లో ఆమె ఏం చేసిందని అడిగేవారికి: 1990లో కవలలు, ఆ తర్వాత మరో ఇద్దరు పిల్లలు పుట్టారు, హాంబుర్గ్‌లో స్థిరపడింది. పిల్లల పాటల ఆల్బంలు కూడా చేసింది. ‘కోమ్ లీబర్ మాయ్’ 1990లో వచ్చింది. ఇక్కడ మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో తోటి పిల్లల తల్లులకు ఆమె బెలూన్ల గాయనిగా ఎంత తెలుసో, చిన్నప్పుడు విన్న పిల్లల పాటల గాయనిగానూ అంతే తెలుసు.

బెర్లిన్_బాబాయ్
1999లో హాంబుర్గ్ ర్యాప్ గాయకుడు యాన్ డిలే ‘ఇర్గెండ్‌వీ’ పాటను తన శైలిలో పాడాడు. కొత్త తరం ఆ పాటను ముందు అతని గొంతులోనే విన్నది. 2002లో, రంగస్థలం ఎక్కి 20 ఏళ్లయిన సందర్భంగా, పాత బృందపు ఫారెన్‌క్రోగ్-పీటర్‌సెన్‌తోనే కూర్చుని పాత పాటలను కొత్తగా చేసింది. అందులో బ్రిటిష్ గాయని కిమ్ వైల్డ్‌తో కలిసి పాడిన ‘ఎనీప్లేస్, ఎనీవేర్, ఎనీటైమ్’ (ఆ ‘ఇర్గెండ్‌వీ’ పాటకే కొత్త రూపం) 2003లో ఆస్ట్రియా, నెదర్లాండ్స్ పట్టికల్లో మొదటి స్థానం చేరింది. ఒకరు జర్మన్‌లో, మరొకరు ఇంగ్లీషులో పాడుకుంటూ పోతారు, ఎవరి భాష వారిది. పొరుగు గారి వాదనకు ఇది మంచి సాక్ష్యం.

సింథ్_సుబ్బు
అది పాత పాటే కదా, బాబాయ్ గారూ. ఎనభైల మీద జనానికి ఉన్న మమకారాన్ని అమ్ముకోవడం వేరు, కొత్తగా సృష్టించడం వేరు.

రాగమాలిక
అందుకే మొదటి టపాలో 2005 ప్రస్తావించాను. ‘లీబె ఇస్ట్’ పాత పాట కాదు. ‘ఫెర్లీబ్ట్ ఇన్ బెర్లిన్’ అనే టీవీ ధారావాహికకు శీర్షికాగీతంగా వచ్చి, 22 ఏళ్ల తర్వాత ఆమెను జర్మనీలో మళ్లీ మొదటి స్థానంలో నిలిపింది.

సింథ్_సుబ్బు
ఆ పాట వరకు మీ మాట ఒప్పుకుంటాను. ధారావాహిక తోడు లేకపోతే అంత ఎత్తుకు వెళ్లేదా అన్న అనుమానం మాత్రం నాకు ఉంది.

కోనసీమ_కుర్రాడు
మన దగ్గర సినిమా తోడు లేకుండా ఎత్తుకు వెళ్లిన పాట ఎన్ని చెప్పగలరు, సుబ్బు గారూ?

నెల్లూరు_నీలిమ
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా రాయాలి. 2021 జూలైలో బెర్లిన్ పక్కన షోనెఫెల్డ్‌లో జరిగిన కచేరీలో, కరోనా నిబంధనల ప్రకారం విడివిడిగా నిలబడవలసిన ప్రేక్షకులను ముందుకు రానిచ్చి, ఎవరి నిర్ణయం వారిదే అన్న ధోరణిలో మాట్లాడింది. నిర్వాహకులు కచేరీని మధ్యలోనే ఆపేశారు. అప్పటికి జర్మనీలో ఎంతోమంది ప్రాణాలు పోయాయి. వేదిక మీద ఉన్నవారికి అటువంటి సమయంలో బాధ్యత ఎక్కువ ఉంటుంది. ఆ రోజు నుంచి ఆమె పాట వింటే నాకు మునుపటి ఆనందం కలగడం లేదు.

చరిత్ర_విద్యార్థి
ఆ రోజు ఆమె చేసినది తప్పేనని నేనూ అనుకుంటాను. అయితే అది ఉన్నట్టుండి పుట్టిన ధోరణి కాదు. 2007లో ఆమె మరికొందరితో కలిసి హాంబుర్గ్‌లో ‘నోయె షూలె’ అనే బడి స్థాపించింది. అమెరికాలోని సడ్‌బరీ వ్యాలీ బడి నమూనాలో నడిచే ఆ బడిలో ఏం నేర్చుకోవాలో పిల్లలే నిర్ణయించుకుంటారు, బడి నియమాల మీద పిల్లలకూ పెద్దలకూ సమానంగా ఓటు ఉంటుంది. ఎవరి దారి వారే ఎంచుకోవాలన్న నమ్మకం ఆమెలో ఎప్పటినుంచో ఉంది. చదువులో మేలు చేసే నమ్మకం అంటువ్యాధి కాలంలో హాని చేయగలదు.

నెల్లూరు_నీలిమ
కారణం అర్థమయింది. నా మనసు మాత్రం మారలేదు.

హాగెన్_పొరుగు
మారనవసరం లేదు, నీలిమ గారూ. ఇక్కడ నా సహోద్యోగుల్లోనూ ఆ తర్వాత ఆమె కచేరీలకు వెళ్లడం మానినవారు ఉన్నారు, వెళ్తూనే ఉన్నవారూ ఉన్నారు. వాళ్లలో ఏ ఒక్కరూ ఆమెను ఒక్క పాట గాయని అనరు. 2011 నుంచి మూడు విడతలు ‘ద వాయిస్ ఆఫ్ జర్మనీ’లో న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడు పోటీకి వచ్చిన పిల్లలకు ఆమెను పరిచయం చేయవలసిన అవసరం రాలేదు.

కోనసీమ_కుర్రాడు
అమెరికాలో అంత పేరు వచ్చాక అక్కడ కచేరీలు ఎందుకు చేయలేదు?

బెర్లిన్_బాబాయ్
చేసింది, ఆలస్యంగా. ఆమె అమెరికాలో మొదటిసారి కచేరీలు చేసింది 2016లో, ఆ పాట బిల్‌బోర్డ్ ఎక్కిన 32 ఏళ్ల తర్వాత.

సింథ్_సుబ్బు
అలాగయితే అమెరికా జాబితాలు ఆమెను మరిచిపోయాయనడం కంటే, ఆమె ఆ జాబితాల వెంట పడలేదనడం సరిగ్గా ఉంటుంది. ఆ మేరకు రాగమాలిక గారి ఫిర్యాదు న్యాయమైనదే. కార్గెస్ విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను.

రాగమాలిక
శీర్షిక మార్చే వీలు ఇక్కడ లేదు, లేకపోతే కార్గెస్, ఫారెన్‌క్రోగ్-పీటర్‌సెన్ పేర్లు తప్పకుండా చేర్చేదాన్ని. ఆ యూట్యూబ్ ఛానల్ వారికి ఈ వివరాలన్నీ రాసి పంపుతున్నాను. బెలూన్ల పాట తప్ప ఏమీ వినని వారికి ఏ వరుసలో వినమని చెప్పాలి?

వరంగల్_వాణి
‘నూర్ గెట్రాయ్‌మ్ట్’, ‘లోయిష్ట్‌టూర్మ్’, ‘ఇర్గెండ్‌వీ’, ‘వుండర్ గెషేన్’, ‘లీబె ఇస్ట్’. ఈ అయిదూ జర్మన్‌లోనే వినమనండి.

హాగెన్_పొరుగు
వీలయితే ‘ఫొయర్ ఉండ్ ఫ్లామె’ను, దాని ఇంగ్లీషు ఆల్బంను పక్కపక్కన పెట్టి వినమని కూడా రాయండి. గొంతు అదే, వాయిద్యాలు అవే, రెండోదానిలో ఆమె ఎక్కడ బిగుసుకుపోయిందో వినేవారికి తెలిసిపోతుంది.

పాత_క్యాసెట్
ఆ ఇంగ్లీషు ఆల్బం ఇప్పుడు సులువుగా దొరకదు. పాత రికార్డుల సంతలో కొన్న ప్రతి నా దగ్గర ఉంది, అవసరమయినవారు సందేశం పెట్టండి.